సగటు శ్రుతి

నరసింగవరం ప్రభుత్వ సంగీత కళాశాలలో గాత్రం చెప్పే యనమండ్ర సోమయాజులు మాష్టారికి స్మార్ట్‌ఫోన్ లేదు. ఆ ఒక్క కారణం చేతనే, సంగీత విద్వాంసులకు స్మార్ట్‌ఫోన్ ఎంపిక చేసే ఉపసంఘానికి ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశారు.

ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. సంచాలకుల కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తర్వులో విషయం స్పష్టంగానే రాశారు. "ఇప్పటికే ఏదేని కంపెనీ ఫోను వాడుచున్నవారు సదరు కంపెనీ పట్ల పక్షపాతము వహించు అవకాశమున్నందున, అట్టివారు ఉపసంఘమునందు సభ్యులుగా ఉండుటకు అనర్హులు." కళాశాలలో ఇరవై ఇద్దరు సిబ్బంది. ఆ వాక్యం చదివేసరికి ఇరవై ఒక్కరు అనర్హులైపోయారు. ఒక్క మనిషితో సంఘం ఎలా అవుతుందని ప్రిన్సిపాల్ త్రిపురసుందరి గారు పైకి రాస్తే, అధ్యక్షుడితో కలుపుకొని కోరం ఒకటి అని జవాబు వచ్చింది.

"నాకు బటన్ ఫోనే సరిగ్గా చేతకాదండీ. పచ్చది నొక్కితే మాట్లాడతాను, ఎర్రది నొక్కితే మానేస్తాను. అంతవరకే నా పాండిత్యం" అని మాష్టారు మొత్తుకున్నారు.

"అందుకేనండి మాష్టారూ మిమ్మల్ని వేసింది. మీ అంత మచ్చలేని మనిషి శాఖ మొత్తం మీద ఇంకోళ్లు లేరంట" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ప్రభుత్వం ఉద్దేశం మంచిదే. సంగీత కళాశాలల్లో ఉన్న ప్రతి విద్వాంసుడికీ, ప్రతి విద్యార్థికీ ఒక ఫోన్ ఇవ్వాలి. అందులో సంగీతానికి పనికొచ్చే యాప్‌లు ముందుగానే వేసి ఇవ్వాలి. ఏ ఫోన్, ఏ యాప్‌లు అన్నది సంగీతం తెలిసినవాళ్లే చెప్పాలి. సంగీతం తెలిసి ఫోన్ తెలియని మనిషి ఒక్కడే దొరికాడు కాబట్టి ఆయన చెప్పాలి.

ఊళ్లోని దుకాణాలవాళ్లు ప్రిన్సిపాల్ గదిలో బల్ల మీద ఏడు ఫోన్లు పెళ్లిచూపులకి వచ్చినట్టు వరసగా పరిచారు. అనర్హులైన సిబ్బందికి లోపలికి ప్రవేశం లేదు. వాళ్లందరూ గడప అవతల గుంపుగా నిలబడి తొంగి చూస్తున్నారు.

"దీనికి కెమెరా అదిరిపోద్దండి. మూడు కళ్లు" అన్నాడు మొదటి సేల్స్‌మన్.

"చూపు సరే బాబూ, దీనికి చెవులెలా ఉన్నాయో చెప్పు."

ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు కాబట్టి సేల్స్‌మన్ తడబడ్డాడు. మాష్టారు తంబుర తెప్పించి, ఒళ్లో పెట్టుకుని మీటుతూ కాంభోజి రాగం రెండు నిమిషాలు పాడారు. ఫోన్ రికార్డు చేసింది. తిరిగి వినిపిస్తే మాష్టారి గొంతు ఉంది, తంబుర లేదు. ఎడారిలో దారి తప్పిన మనిషి కేకేసినట్టుగా ఉంది.

"మా తంబుర ఏమైంది నాయనా?"

"అదేమో ఫ్యాను చప్పుడనుకుని క్లీన్ చేసేసిందండి. మంచి ఫోనండి ఇది" అన్నాడతను గర్వంగా.

"సెట్టింగ్సులోకెళ్లి అది ఆపేయొచ్చు మాష్టారూ" అని గడప అవతలి నుంచి అరిచాడు మృదంగం చెప్పే ఎల్లమంద. అనర్హుడి సలహా కాబట్టి దాన్ని మినిట్స్‌లో రాయలేదు గానీ, మాష్టారు మాత్రం సేల్స్‌మన్ చేత ఆపించి మళ్లీ పాడారు. తంబుర తిరిగొచ్చింది.

ఆ రోజు నుంచి మూడు వారాలు మాష్టారు ఆ ఏడు ఫోన్లతోనే కాపురం చేశారు. మొదట్లో వేలు పెడితే చాలు తెర ఎక్కడికో జారిపోయేది. తరవాత్తరవాత చెయ్యి తిరిగింది. వర్ణం నేర్చుకున్న పద్ధతిలోనే నేర్చుకున్నారు, ముందు నెమ్మదిగా ఒకటో కాలం, తరవాత దానికి రెట్టింపు వేగంతో రెండో కాలం. చివరికి ఒకటిన్నర పేజీ నివేదిక రాశారు. అలాంటి నివేదిక ఆ శాఖలో అంతకు ముందు ఎవరూ రాయలేదు, ఎందుకంటే అందులో ప్రతి ముక్కా పనికొచ్చేదే.

ఫోన్ ఏ కంపెనీదైనా పరవాలేదన్నారు. స్పీకరు చిన్న గదిలో చివరి వరసకి వినపడితే చాలు, బ్యాటరీ ఒక కచేరీ పూర్తయ్యేదాకా ఆగితే చాలు, తంబురని చప్పుడనుకుని చెరిపేయకుండా ఉంటే చాలు. యాప్‌లు మూడు వేసుకుంటే సరిపోతుంది. తంబుర మోగించేది ఒకటి. తాళం వేసేది ఒకటి. పెద్దవాళ్ల పాటని శ్రుతి చెడకుండా నెమ్మది చేసి వినిపించేది ఒకటి, అందులోని సంగతులు, అంటే ఒకే పాదాన్ని తిప్పి తిప్పి పాడే మెలికలు, పట్టుకోవడానికి. ఇక ఆఖరి మాట కింద గీత కూడా గీశారు. తంబుర యాప్‌లో ఎవరి శ్రుతి వాళ్లు పెట్టుకునే వీలు తప్పకుండా ఉండాలి.

వారం తిరక్కుండా నివేదిక వెనక్కి వచ్చింది. "ఎవరి శ్రుతి వారిది అనగా ఏమి? సదరు శ్రుతుల వివరములను జతపరచిన నమూనాలో పూరించి సత్వరమే పంపవలెను."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. హార్మోనియం తెల్ల మెట్లని వరసగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, నల్లమెట్లని అరలతో చెప్పుకోవడం మన పాటగాళ్ల అలవాటు. మగవాళ్లు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర దగ్గర షడ్జమం, అంటే 'స', పెట్టుకుని పాడతారు. ఆడవాళ్లు ఐదు, ఐదున్నర దగ్గర. అది గొప్పతనమూ కాదు, లోటూ కాదు. చెప్పుల సైజు లాంటిది, ఎవరి కొలత వాళ్లది. అయితే అంకెల్లో చెప్పే ప్రతిదీ ఏదో ఒక రోజు ఆఫీసువాళ్ల చేతిలో పడుతుంది.

మాష్టారు నమూనా నింపారు. తనది ఒకటి. గాత్రం చెప్పే మరో ఇద్దరు మగవాళ్లది ఒకటి, ఒకటిన్నర. ప్రిన్సిపాల్ గారిది ఐదున్నర. విద్యార్థుల తరఫున ఒక పేరు రాయమన్నారు కాబట్టి డిప్లొమా ఆఖరి ఏడాది చదువుతున్న గంటా సరోజ పేరు రాసి, ఎదురుగా ఐదు వేశారు. దాని కింద ఇంకా రెండు గడులు ఖాళీగా ఉన్నాయి. ఒకదాని పక్కన మొత్తం అనీ, రెండోదాని పక్కన సగటు అనీ అచ్చువేసి ఉంది. అది ఏ శాఖకైనా పంపే మామూలు నమూనా, పశుగణన రోజుల నుంచీ అదే. గడి ఖాళీగా వదిలితే ఫారం తిరిగొస్తుందని మాష్టారికి ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం. మొత్తం పద్నాలుగు, సగటు రెండు పాయింట్ ఎనిమిది అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. రాస్తున్నప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అయినా రాశారు.

రాష్ట్రంలో ఉన్న మిగిలిన కళాశాలలేవీ గడువులోగా వివరాలు పంపలేదు. వచ్చింది ఇదొక్కటే. నెల రోజుల్లో ఉత్తర్వు వెలువడింది.

"ప్రతి ఒక్కరికి ఒక్కొక్క శ్రుతి ఉండుట వలన ఫోనుల నిర్వహణ జటిలమగును. కావున నిపుణుల ఉపసంఘము వారు నిర్ధారించిన సగటు శ్రుతిని అనుసరించి, రెండు దశాంశము ఎనిమిది అను మెట్టు హార్మోనియమునందు లభ్యము కానందున దానిని సమీప పూర్ణాంకమునకు సవరించి, మూడవ శ్రుతిని రాష్ట్ర ప్రామాణిక శ్రుతిగా ఇందుమూలముగా ప్రకటించడమైనది." పథకం పేరు ఏకశ్రుతి.

ఫోన్లు పెట్టెల్లో దిగాయి. వాటిని పంచడానికి సంయుక్త సంచాలకులు విభీషణరావు గారు స్వయంగా వచ్చారు. ఆయన రిబ్బను కత్తిరించి, మైకు ముందు గొంతు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా, ఒకరిది ఒకటి, ఒకరిది ఐదున్నర. ఈ అంతరాలు ఇంకెన్నాళ్లు? పురుషులు కింద, స్త్రీలు పైన. ఎంతకాలం ఇలా విడివిడిగా పాడుకుందాం? నేటి నుంచి మనందరిదీ మూడు. కింద ఉన్నవారిని పైకి తెస్తున్నాం. పైన ఉన్నవారిని కిందికి దించుతున్నాం. దీన్నే సమానత్వం అంటారు. ఈ ఘనతకు మూలపురుషుడు మీ సోమయాజులు గారే అని చెప్పడానికి గర్విస్తున్నాను."

చప్పట్లు మోగాయి. శాలువా కప్పారు. మాష్టారు దాన్ని భుజాన వేసుకుని, నేరం చేసి దొరికిపోయినవాడిలాగా తల దించుకుని కూర్చున్నారు. ఇంటికెళ్లి ఫోన్ తీసి చూస్తే తంబుర యాప్ ఉంది. శ్రుతి మార్చుకునే చోట చిన్న తాళంకప్ప బొమ్మ ఉంది. ఎంత నొక్కినా కదల్లేదు.

మర్నాటి నుంచి కళాశాలలో మూడు మోగడం మొదలైంది.

మగవాళ్ల తరగతుల్లో పాట పల్లవి దాకా బాగానే నడిచేది. చరణంలో పై పంచమం దగ్గరికొచ్చేసరికి మాష్టారు పాడటం ఆపి, చూపుడు వేలు పైకెత్తి చూపించి, "ఇక్కడ పంచమం ఉంది, ఉందనుకోండి" అని కిందికి దిగేవారు. ఆడవాళ్ల తరగతుల్లో ఇబ్బంది కింది వైపు వచ్చింది. మంద్రంలోకి వెళ్లగానే గదంతా నిశ్శబ్దం. పెదవులు మాత్రం కదిలేవి. అందరూ పుస్తకాల్లో ఆ చోట "గాలి" అని రాసుకున్నారు.

ఎల్లమందకి రెండు మృదంగాలున్నాయి, మగవాళ్ల పాటకి తగ్గు శ్రుతిది, ఆడవాళ్ల పాటకి హెచ్చు శ్రుతిది. తగ్గుదాన్ని రాయితో కొట్టి కొట్టి మూడుకి ఎక్కించబోతే మూత ఫట్టుమంది. హెచ్చుదాన్ని దింపితే బియ్యం బస్తా మీద కొట్టినట్టు పలికింది. రెండింటినీ మూలన పెట్టి, ఫోన్ వచ్చిన అట్టపెట్టెని బోర్లించి దాని మీద వాయించడం మొదలెట్టాడు.

"ఈ భవనం మొత్తమ్మీద మూడుకి పలికేది ఇదొక్కటేనండి మాష్టారూ" అన్నాడు.

ఆ పైన హాజరు కూడా ఫోన్‌కే అప్పజెప్పారు. పొద్దున్నే ఎవరికి వారు ఫోన్ ముందు నిలబడి షడ్జమం పాడాలి. మూడులో పలికితే పచ్చ టిక్కు, లేకపోతే గైరుహాజరు. మగవాళ్లు కాస్త గొంతు పెంచి గట్టెక్కారు. ఆడవాళ్లకి అంత కింద గొంతు పలకలేదు. ప్రిన్సిపాల్ గారు తన కుర్చీలో తాను కూర్చునే వరసగా పందొమ్మిది రోజులు గైరుహాజరయ్యారు. గైరుహాజరైన ప్రిన్సిపాల్‌కి సంజాయిషీ నోటీసు వస్తే, ప్రిన్సిపాల్ హోదాలో దాన్ని తానే అందుకుని తనకు తానే అందజేసుకున్నారు. ఇరవయ్యో రోజున ఆవిడకి విపరీతమైన జలుబు చేసింది. గొంతు బొంగురుపోయి కిందికి జారింది. ఫోన్ ముందు నిలబడి ఒక్క మూలుగు మూలిగారు. పచ్చ టిక్కు పడింది.

ఈ కబురు పదినిమిషాల్లో కళాశాలంతా పాకింది. ఆ మధ్యాహ్నమే క్యాంటీన్‌వాడు పెద్ద ఫ్రిజ్ తెప్పించాడు. పాటగాళ్లు జన్మలో ముట్టనివన్నీ అందులోకి చేరాయి, ఐసు నీళ్లు, గడ్డకట్టిన పెరుగు, పుల్లైసులు. వారం తిరిగేసరికి సంగీత కళాశాల ముందు నుంచి పోయేవాళ్లకి లోపల్నుంచి దగ్గులు తప్ప మరేమీ వినపడేది కాదు. హాజరు మాత్రం నూటికి తొంభై దాటింది. విభీషణరావు గారు అభినందన లేఖ పంపారు.

మాష్టారు ఇదంతా చూసి లోపల్లోపల నవ్వుకున్న మాట నిజం. ఆ నవ్వు ఒకరోజు క్యాంటీన్‌లో ఆగిపోయింది. మూల బల్ల దగ్గర సరోజ కూర్చుని ఉంది. చేతిలో గ్లాసు, అందులో ఐసు ముక్కలు.

సరోజకి ముప్పై నాలుగేళ్లు. మెయిన్ బజారులో జాకెట్లు కుట్టే కొట్టుంది. పగలంతా మిషను తొక్కి, సాయంత్రం క్లాసుకి వస్తుంది. ఎనిమిదేళ్లుగా ఒక్క రోజు మానలేదు. పాట ఆమెకి ఇంట్లోంచి వచ్చింది కాదు, రేడియోలోంచి వచ్చింది. ఇన్నాళ్ల మీద మాష్టారికి దొరికిన గొంతుల్లో అంత నిండైన గొంతు మరొకటి లేదు. భీమనపల్లి బాలికల గురుకులంలో సంగీతం టీచరు పోస్టు పడింది. దానికి ఆమె పేరు వచ్చింది కూడా. నెలాఖరులోగా డిప్లొమా చూపిస్తే ఉద్యోగం ఆమెదే. చూపించలేకపోతే, వచ్చే ఏడు వయసు దాటిపోతుంది, ఇంక ఎప్పటికీ రాదు. మిగిలింది పాట పరీక్ష ఒక్కటే. అది వచ్చే సోమవారం. పరీక్షకుడు ఫోన్.

"ఏంటమ్మా అది?" అన్నారు మాష్టారు.

"ఐసు నీళ్లండి" అంది. గొంతు అప్పటికే గరగరలాడుతోంది.

"ఎనిమిదేళ్ల నుంచీ నిన్ను మజ్జిగ కూడా చల్లగా తాగనివ్వలేదు కదా నేను."

"అప్పుడు పాట కోసం అండి. ఇప్పుడు పరీక్ష కోసం."

మాష్టారు ఆ గ్లాసు తీసుకుని కిటికీలోంచి పారబోశారు. ఆ పిల్ల గొంతు పాడుచేస్తున్నది ఐసూ కాదు, ఫోనూ కాదు, గడి ఖాళీగా ఉండకూడదని తాను రాసిన ఆ రెండు పాయింట్ ఎనిమిది. సిగ్గుతో ఆయనకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇంకొక్క చుక్క తాగావంటే నా మీద ఒట్టే. పరీక్ష సంగతి నేను చూస్తాను" అన్నారు. ఏం చూస్తారో ఆయనకీ తెలియదు.

ఉత్తర్వులు ముందేసుకుని వెతికితే ఒక దారి కనపడింది. వైద్య కారణాల మీద శ్రుతి మినహాయింపు ఇవ్వవచ్చునట. మాష్టారు సరోజని వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్లారు. చెవి ముక్కు గొంతు డాక్టరు టార్చి వేసి చూసి, ఒకసారి పాడమని, రెండు నిమిషాలు విని టార్చి ఆర్పేశారు.

"ఐసు మానేస్తే రెండ్రోజుల్లో గరగర పోద్దండి. ఈ గొంతులో జబ్బేమీ లేదు. ఇరవై ఏళ్ల ప్రాక్టీసులో ఇంత మంచి గొంతు నేను చూడలేదు" అన్నారు. సంతోషం పట్టలేక ఆ మాటే సర్టిఫికెట్‌లో కూడా రాసిచ్చారు. మాష్టారు ఎంత గునిసినా వినలేదు.

రెండో రోజుకే జవాబు వచ్చింది. "అభ్యర్థి గొంతు సలక్షణముగా ఉన్నట్లు వైద్యులు ధ్రువీకరించినందున, మినహాయింపునకు అనర్హురాలు."

శుక్రవారం పొద్దున్న మాష్టారు బస్సెక్కి విభీషణరావు గారి ఆఫీసుకి వెళ్లారు. ఆయన ఎదురొచ్చి కుర్చీ వేశారు.

"నేను రాసిన పట్టికలో తప్పుందండీ. దాన్ని రద్దు చెయ్యాలి" అన్నారు మాష్టారు.

విభీషణరావు గారు ఫైలు తెప్పించి, కళ్లజోడు పెట్టుకుని, మొత్తం మళ్లీ కూడారు. "ఒకటీ ఒకటీ రెండు, ఒకటిన్నర కలిపితే మూడున్నర, ఐదున్నర కలిపితే తొమ్మిది, ఐదు కలిపితే పద్నాలుగు. ఐదుతో భాగిస్తే రెండు పాయింట్ ఎనిమిది. లెక్క సరిగ్గానే ఉంది కదండీ."

"లెక్క సరైందేనండీ. కూడకూడనివి కూడేశాను."

"శాఖలో కూడకూడనివంటూ ఏమీ ఉండవండి సోమయాజులు గారూ. అన్నీ కూడతాం. అయినా తమరు ఆందోళన పడుతున్నది వ్యక్తుల గురించి. ఈ యాప్ వ్యక్తుల్ని చూడదు. అదే దీని గొప్పతనం. గదిని చూస్తుంది. గదిలో వినిపించిన శ్రుతులన్నీ కలిపి సగటు తీస్తుంది. సగటు మూడైతే పాస్. మొన్న మీ కళాశాలలో ఆడా మగా కలిసి ప్రార్థన పాడితే, ఎవరికి తోచినట్టు వాళ్లు పాడినా, శాఖ మొత్తానికి ప్రథమంగా వచ్చారు మీరు."

మాష్టారి పెదవులు ఏదో లెక్క వేస్తున్నట్టు కదిలాయి.

"పరీక్ష గదిలో కూడా సగటేనాండీ?"

"రాష్ట్రమంతటా సగటే."

"మరి పాత నిబంధనల్లో, పాడేవాళ్ల వెనకాల శ్రుతి పట్టుకోవడానికి ఒక మనిషి కూర్చోవచ్చని ఉందండీ, తంబుర మీటడానికి. అదుందా, తీసేశారా?"

విభీషణరావు గారు పేజీలు తిరగేశారు. "తంబుర తీసేశాం. మనిషిని తియ్యలేదు. పద్నాలుగో నిబంధన అలాగే ఉంది. ఖాళీ చేతులతో కూర్చుంటానంటే మాకేం అభ్యంతరం లేదు."

మాష్టారు లేచి, జీవితంలో మొదటిసారి ఒక అధికారికి మనస్ఫూర్తిగా నమస్కారం పెట్టి, బస్టాండుకి పరిగెత్తినంత పని చేశారు.

సోమవారం పది గంటలకి పరీక్ష గదిలో బల్ల మీద ఫోన్ నిలబెట్టి ఉంది. ఒక గుమాస్తా కాపలా కూర్చున్నాడు. ఫోన్ వినేటప్పుడు మోగదు కాబట్టి తంబుర లేదు, శ్రుతి లేదు, ఏమీ లేదు. సరోజ చాప మీద కూర్చుంది. ఆమె వెనక, ఒక వారకి, సోమయాజులు మాష్టారు ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆమెకి ముందురోజే చెప్పారు. నీది ఐదు, నాది ఒకటి. రెండూ కలిపితే ఆరు, సగం చేస్తే మూడు. నువ్వు నీ శ్రుతిలో హాయిగా పాడుకో, మిగతాది నాకొదిలెయ్.

"మొదలుపెట్టండి" అన్నాడు గుమాస్తా.

మాష్టారు కళ్లు మూసుకుని ఒకటిలో "ఆ" అని అందుకున్నారు. ఫోన్ ఎర్రబడింది. సరోజ ఐదులో షడ్జమం పలికింది. ఫోన్ కాసేపు ఆలోచించి పచ్చబడింది. ఆయన పట్టింది ఆమె శ్రుతికి మధ్యమం. చెవికి ఇంపుగానే ఉంది. ఒక వర్ణం పాడింది, ఒక కృతి పాడింది. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా తెర ఎరుపెక్కేది, మళ్లీ అందుకోగానే పచ్చ. అందుకని ఆయన ఊపిరిని కూడా తాళానికి సర్ది, ఆమె ఆగినచోటే ఆగడం అలవాటు చేసుకున్నారు.

తరవాత రాగాలాపన. సరోజ కాంభోజి ఎత్తుకుంది. ఐసు వదిలిన గొంతు, నాలుగు నెలలుగా మూడులో నలిగి నలిగి ఉన్న గొంతు, ఒక్కసారిగా తన ఇంట్లోకి తాను వచ్చినట్టు విచ్చుకుంది. పై షడ్జమం మీద నిలబడి, అక్కణ్ణుంచి ఆమె ఒక సంగతి వేసింది. అది మాష్టారు నేర్పింది కాదు. ఎవరూ నేర్పేది కాదు. గుమాస్తా కూడా రాస్తున్న పెన్ను ఆపాడు.

మామూలుగా అయితే మాష్టారు అక్కడ తొడ మీద చరిచి శభాష్ అనేవారు. ఎనిమిదేళ్లుగా ఆ మాట కోసమే పాఠం చెప్పారు. నోరు తెరిస్తే ఒకటి తెగిపోతుంది. ఒకటి తెగిపోతే సగటు ఐదవుతుంది. ఆయన శభాష్ మింగేసి, తన ఒక్క స్వరాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నారు. కళ్లు మాత్రం ఆయన మాట వినలేదు. చొక్కా ముందుభాగం తడిసిపోయింది. అలా నలభై నిమిషాలు.

పది రోజులకి ఫలితాల కాగితం వచ్చింది. గదిలో ఫోన్‌కి రెండు గొంతులు వినపడ్డాయి కాబట్టి రెండు ఫలితాలు వచ్చాయి. గంటా సరోజ, ఉత్తీర్ణత, నూటికి యాభై రెండు. వ్యాఖ్య: "స్వరము నిలకడగా లేదు. అనవసరపు కదలికలు ఎక్కువ." యనమండ్ర సోమయాజులు, ఉత్తీర్ణత, నూటికి తొంభై ఎనిమిది, రాష్ట్రంలో ప్రథముడు. వ్యాఖ్య: "అద్భుతమైన నిలకడ."

వెనకే మరో ఉత్తర్వు కూడా వచ్చింది. ఇకమీదట ఆడవాళ్ల పరీక్షలన్నిటికీ ఒకటో శ్రుతి పురుషుణ్ణి తప్పనిసరిగా కూర్చోబెట్టాలట. జిల్లాలో అలాంటివాళ్లు పదకొండు మందే ఉండటంతో కొరత ఏర్పడింది. వాళ్ల పేర్లు నమోదు చేయడానికి ఒక ఉపసంఘం వేశారు.

భీమనపల్లి బయల్దేరే ముందు సరోజ మిఠాయి పట్టుకుని వచ్చింది. ఉద్యోగం ఉత్తర్వు చేతి సంచీలో ఉంది. మాష్టారి కాళ్లకి దణ్ణం పెట్టి లేచి, ఫలితాల కాగితం విప్పి ఇంకోసారి చదువుకుంది. చాలా నెలల తరవాత ఆమె గొంతులో నవ్వు ఐదులోనే పలికింది.

"నాకు యాభై రెండండి. తమరికి తొంభై ఎనిమిది. అంతసేపు ఒక్క చోట కదలకుండా నిలబడటం నాకు ఎనిమిదేళ్లలో ఒక్కనాడూ నేర్పలేదు కదండీ మాష్టారూ. తమరెక్కడ నేర్చుకున్నారండి అది?"

మాష్టారు మిఠాయి నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలి, మింగారు.

"అది సంగీతంలో నేర్చుకున్నది కాదమ్మా. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో వచ్చింది."